చిటికెనవేలు లేచిన చోటు

ఆ రోజు పొద్దున పరమేష్ పెట్టుకున్న పని పెద్దదేం కాదు. డ్యూటీ ఎక్కాలి, మీటర్లు చూసుకోవాలి, ఫ్లాస్కులో తెచ్చుకున్న చాయ్ తాగాలి, ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా పది నిమిషాలు ఎడమచేతి వేళ్ళకు కసరత్తు చేయాలి. దేవరకొండ దాటాక వచ్చే రాళ్ళచెల్క సబ్‌స్టేషన్‌లో అతను ఆపరేటర్. తీగల రొద తప్ప మనిషి గొంతు వినపడని చోటు కాబట్టి ఇలాంటి రహస్యానికి అంతకన్నా మంచి జాగా ఉండదని అతని నమ్మకం.

కసరత్తు గిటార్ కోసం. గిటార్ మామ కోసం. అంటే మామ అడిగాడని కాదు. మామ మైసయ్య పరమేష్‌ను ఏనాడూ ఏమీ అడగలేదు. బాధంతా అదే.

మైసయ్యకు ఇద్దరు అల్లుళ్ళు. చిన్నల్లుడు గోపీకృష్ణ హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. కొడుకు నరేష్ నిశ్చితార్థం నాడు మైసయ్య చిన్నల్లుణ్ణి వియ్యాలవారికి పరిచయం చేస్తూ అతని చదువు, ఉద్యోగం, అపార్ట్‌మెంటు, ఆ అపార్ట్‌మెంటు ఎన్నో అంతస్తులో ఉందో కూడా చెప్పాడు. పెద్దల్లుడి వంతు రాగానే, "ఈన కరెంటాయన. ఫ్యూజు పోతే ఫోన్ చేయుండ్రి" అని ముగించాడు. వియ్యంకుడు నిజంగానే నంబరు తీసుకున్నాడు. పరమేష్ ఆ రోజు బగారన్నం ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలాడు. తనకు ఫ్యూజు వేయడం కాక ఇంకేదైనా చేతనవునని ఒక్కసారి, పదిమందిలో, మామ చూడాలి. నరేష్ పెళ్ళిలో ఉన్నట్టుండి లేచి గిటార్ మీద ఒక పాట వాయించాలి. ఒక్కటంటే ఒక్కటే. ముద్ద మింగేసరికి నిర్ణయం అయిపోయింది.

గురువు నందికొండలో దొరికాడు. వెంకటేశ్ సార్ డ్యాము కొలువులో రిటైరై, హిల్ కాలనీలోని ఇంట్లో గిటార్ నేర్పుతాడు. ఆయన పరమేష్ ఎడమచేతిని పట్టుకొని, అంగడిలో ఎద్దును చూసినట్టు ముందూ వెనకా తిప్పి చూశాడు.

"ఇది స్క్రూడ్రైవర్ పట్టుకునే చెయ్యి. పాటల ముచ్చట తర్వాత. ముందు వేళ్ళు తయారుగావాలె" అన్నాడు.

"పెండ్లికి రెండు నెలలే ఉన్నది సార్."

"గందుకే చెప్తున్న. చూపుడు వేలు ఒకటి, నడిమి వేలు రెండు, ఉంగరం వేలు మూడు, చిటికెనవేలు నాలుగు. గిటార్ మెడ మీద ఒక్కో మెట్టుకు ఒక్కో వేలు. ఒకటి ఆనినప్పుడు మిగిలినయి గాలిల ఎగరొద్దు. రోజూ పొద్దుగాల పది నిమిషాలు. గిటార్ చేతుల లేనప్పుడు దాని మెడంత లావు కట్టె పట్టుకొని చెయ్యి. నడుసుకుంట చెయ్యి, అడుగుకో వేలు, లెక్క తప్పదు. తొందరపడ్డవా, మళ్ళ మొదటికి."

"మరి పాట ఎప్పుడు సార్?"

"వేళ్ళే చెప్తయ్" అన్నాడు వెంకటేశ్ సార్.

పరమేష్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. హైటెన్షన్ తీగల దగ్గర పనిచేసేవాళ్ళలో అలా చేయనివాళ్ళు ఎక్కువకాలం మిగలరు. గిటార్‌ను సబ్‌స్టేషన్ బ్యాటరీ గదిలో గోనెసంచి కింద దాచాడు. భార్య స్వరూపకు కూడా చెప్పలేదు, ఎందుకంటే స్వరూపకు తెలిసింది సాయంత్రానికల్లా వాళ్ళ నాయినకు తెలుస్తుంది. ఆవరణలో ఉన్న చెట్టుకొమ్మ ఒకటి సరిగ్గా గిటార్ మెడంత లావుంటే కోసి, చివుళ్ళు గీకి, దాన్ని పట్టుకొని సబ్‌స్టేషన్ వెనకాల ఉన్న పడావు చెల్కలో రోజూ నడవడం మొదలుపెట్టాడు.

చెట్టు వేపచెట్టు. అతను చేసిన తప్పల్లా అదే.

ఈ ప్రాంతంలో ఒక మనిషి పొద్దున్నే వేపకట్టె పట్టుకొని, బీడు చెల్కలో అడుగులో అడుగు వేసుకుంటూ, నోట్లో ఏవో అంకెలు గొణుక్కుంటూ కనిపిస్తే ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. అందరికీ తెలుసు. అతను బోరు పాయింట్ చూస్తున్నాడు. కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుంటారు, కొందరు వేపపుల్ల పట్టుకుంటారు, కింద నీళ్ళుంటే చెయ్యి గుంజుతుందంటారు. అతను గిటార్ నేర్చుకుంటున్నాడేమో అని అనుకునే మనిషి నల్లగొండ జిల్లాలోనూ మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఇంకా పుట్టలేదు.

ఆ చెల్క ఎల్లయ్యది. ఆ పొద్దున ఎల్లయ్య చెంబు పక్కన పెట్టుకొని తుమ్మపొద చాటున కూర్చొని ఉన్నాడు. లేచి పలకరించే పరిస్థితిలో లేడు కనుక కూర్చున్నచోటి నుంచే చూశాడు. కరెంటు సారు మెల్లగా నడిచి వస్తున్నాడు. కట్టె మీద వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి వాలుతున్నాయి. ఉన్నట్టుండి సారు ఆగిపోయాడు. చిటికెనవేలు నిట్టనిలువుగా లేచి అలాగే బిగుసుకుపోయింది. కట్టె చేతిలోంచి ఎగిరి కింద పడింది. సారు మూలిగాడు.

నిజానికి పట్టేసింది నరం. పరమేష్ వేలు నలుపుకుంటూ, వెంకటేశ్ సార్‌ను మనసులో ఒక మాట అనుకొని వెనక్కి తిరిగాడు. అతను గోడ దాటగానే ఎల్లయ్య వచ్చి కట్టె పడినచోట ఒక రాయి పెట్టాడు. ఆ వారంలోనే అక్కడ బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి.

ఈ సంగతేదీ పరమేష్‌కు తెలియదు. బోరు వేసిన రోజు అతనికి సెలవు. కాబట్టి మరునాడు ఎల్లయ్య కాళ్ళు కట్టిన నాటుకోడితో సబ్‌స్టేషన్ మెట్ల దగ్గర నిలబడితే, మొన్న ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసినందుకు కాబోలు అనుకున్నాడు.

"సారూ, మీ ముచ్చట నాకు తెల్సిపోయింది" అన్నాడు ఎల్లయ్య, గొంతు తగ్గించి.

పరమేష్ అటూ ఇటూ చూశాడు. "ఏం ముచ్చట?"

"పొద్దుగాల మీరు చెల్కల చేసే పని. నా కండ్లార చూసిన."

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"అయ్యో, లేదు సారూ. ఏడ నేర్సుకున్నరు?"

దొరికిపోయాక దాచి లాభం లేదని పరమేష్ నిజమే చెప్పాడు. "నందికొండల వెంకటేశ్ సార్ అని ఉన్నడు. డ్యాముల పనిచేసి రిటైరైండు."

ఎల్లయ్య తల ఊపాడు. డ్యాములో పనిచేసినాయనకు నీళ్ళ సంగతి తెలియక మరెవరికి తెలుస్తుంది. "రోజూ చెయ్యాల్నా?"

"రోజూ చెయ్యాలె. పది నిమిషాలు సాలు. గని ఒక్కరోజు ఇడిసిపెట్టినా వేళ్ళు మొద్దువారుతయ్."

"అసలు ఏ వేలు చెప్తది సారూ?"

"అంత చిటికెనవేలు మీదనే ఉన్నది. మా మొండిది. అది సక్కగ లేసిందంటే ఇగ పని అయినట్టే."

"లేసింది గదా. నేను చూసిన."

"లేసిందా?" పరమేష్‌కు నిజంగా సంతోషం వేసింది. ఇన్నాళ్ళ సాధనకు ఒక్క మనిషి కూడా మంచిమాట చెప్పలేదు.

"నిట్టనిలువుగ" అన్నాడు ఎల్లయ్య.

"జర ఎవ్వరికి చెప్పకు ఎల్లయ్యా. మా మామకు అస్సలే తెల్వొద్దు. టైమొచ్చినప్పుడు నేనే చూపెడ్త."

ఎల్లయ్య మాట నిలబెట్టుకున్నాడు. ఎవ్వరికీ చెప్పొద్దని ప్రతి ఒక్కరికీ చెప్పే చెప్పాడు.

ఆ తర్వాత సబ్‌స్టేషన్‌కు జనం రాకపోకలు ఎక్కువయ్యాయి. పక్క ఊళ్ళ రైతులు ఏదో ఒక వంకన వచ్చి, కరెంటు గురించి ఒక మాట మాట్లాడి, మిగతా సమయమంతా అతని ఎడమచెయ్యి చూస్తూ కూర్చునేవాళ్ళు. చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు చిటికెనవేలు కొంచెం పక్కకు జరిగితే చాలు, అందరూ ఒకేసారి గ్లాసు కింద నేలవైపు చూసేవాళ్ళు. పరమేష్ దీన్ని కళాభిమానం అనుకున్నాడు.

అతని కళ్ళు తెరిపించింది నర్సింగమ్మ అనే ముసలామె. తన చెల్క మీద తీగ వేలాడుతోందని పిలిస్తే వెళ్ళాడు. తీగ ఎక్కడా వేలాడడం లేదు. నర్సింగమ్మ కొంగు చాటు నుంచి వేపకట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"జర మా దిక్కు గూడ చూడు బిడ్డా."

"ఏం చూడాలె అవ్వా?"

"నీళ్ళు."

పరమేష్‌కు అప్పుడు ఎల్లయ్య, చిటికెనవేలు, నాటుకోడి అన్నీ ఒక వరసలో గుర్తొచ్చాయి. కోడి అప్పటికే పులుసై అరిగిపోయింది, తిరిగి ఇచ్చే వీలు లేదు.

"నాకు నీళ్ళు చూసుడు రాదవ్వా. నిజంగనే రాదు" అన్నాడు.

నర్సింగమ్మ మెచ్చుకోలుగా నవ్వింది. "రానోడే వస్తదని తిరుగుతడు బిడ్డా. వచ్చినోడు రాదనే అంటడు."

ఆ ఒక్కమాటతో అతనికి దారులన్నీ మూసుకుపోయాయి. అవునంటే అవును. కాదంటే ఇంకా గట్టిగా అవును. ఎలాగో ఎండదెబ్బ వంక చెప్పి తప్పించుకొని ఇంటికి వచ్చేసరికి స్వరూప గడపలోనే నిలబడి ఉంది.

"నీకు నీళ్ళు చూసుడు వస్తదంట గదా. ఊరంత చెప్పుకుంటున్నరు. నీ పెండ్లాన్ని, నాకు చెప్పాలని అనిపియ్యలేదా?"

"అది గాదు స్వరూపా, అది వేరే ముచ్చట" అని పరమేష్ నీళ్ళు నమిలాడు. నీళ్ళతో అతనికి ఉన్న సంబంధం అంతవరకే.

"మా నాయినకు ఫోన్ చేసి చెప్పిన. ఆదివారం వస్తున్నడు."

ఆదివారం మైసయ్య నేరుగా సబ్‌స్టేషన్‌కే వచ్చాడు, వెంట స్వరూప. చేతిలో చిన్న సంచి. సంచిలోంచి నాలుగు బత్తాయిలు తీసి బల్ల మీద పెట్టాడు. నిమ్మకాయలంత ఉన్నాయి, తోలు ముడతలు పడి.

"అల్లుడా" అన్నాడు.

పరమేష్ వెనక్కి తిరిగి చూశాడు, గోపీకృష్ణ కూడా వచ్చాడేమోనని. గదిలో ఇంకెవరూ లేరు.

"తోట ఎండిపోతాంది అల్లుడా. మా నరేష్ పుట్టిన ఏడు పెట్టిన చెట్లు. ఉన్న బోరు గంటసేపు పోస్తలేదు. ఆకు ముడుసుకపోతాంది. నువ్వొచ్చి ఒక్కసారి చూడాలె."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామ అతన్ని అల్లుడా అని పిలవడం అదే మొదలు. ఆ పిలుపు వినాలనే కదా వేళ్ళు వాచేలా ఇంత చేసింది. ఇప్పుడది వచ్చి ఎదురుగా కూర్చుంది, కాకపోతే పక్కింటికి పోవలసిన ఉత్తరం తన గడపలో పడ్డట్టు. పరమేష్‌కు సిగ్గేసింది. ఎండిన కాయలను చూస్తే జాలేసింది. మోసం చేయకూడదని లేచి బ్యాటరీ గదిలోకి వెళ్ళి గోనెసంచి తీసి గిటార్ పట్టుకొచ్చాడు.

"మామా, నాకు నీళ్ళు చూసుడు రాదు. ఇది గిటార్. నరేష్ పెండ్లిల ఒక పాట వాయించాలని నేర్సుకుంటున్న. ఆ కట్టె, ఆ నడుసుడు, అంత దీని కోసమే."

మైసయ్య గిటార్‌ను ఆసాంతం చూశాడు. "ఏదీ, ఒక పాట వాయించు."

"పాట ఇంక రాదు."

"ఎన్ని దినాల సంది నేర్సుకుంటున్నవ్?"

"నెలన్నర అయితాంది."

"నెలన్నర సంది నేర్సుకుంటే ఒక్క పాట గూడ రాదా?"

"ఇప్పటిదాంక వేళ్ళ కసరత్తే అయింది మామా. పాటలు తర్వాత."

మైసయ్య కూతురి వైపు చూశాడు. సర్కారు నౌకరి చేసే మనిషి అబద్ధమాడాలనుకుంటే ఇంతకన్నా మంచిది దొరకలేదా అన్నట్టుంది ఆ చూపు. తర్వాత గిటార్ మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకొని కాసేపు విన్నాడు.

"దీంట్ల సప్పుడు తెలుస్తదా? ఎంత లోతుల ఉన్నది చెప్తదా?"

"గిటార్ మామా అది."

"ఊరందరికి చూస్తడు నాయినా" అంది స్వరూప. కొంగు కళ్ళకు అద్దుకుంది. "మన చెల్క అనేసరికి గిటార్ అంటున్నడు."

మైసయ్య కూతుర్ని చేత్తో వారించాడు. అతనికి కారణం తట్టింది. "సొంతోళ్ళకు చూస్తె ఇద్దె పోతదంటరు. గదేనా నీ భయం? పోతే పోనియ్ అల్లుడా. నీకు కరెంటు నౌకరి ఉండనే ఉన్నది గదా."

పరమేష్ గిటార్‌ను గోడకు ఆనించి వస్తానన్నాడు. స్వరూప కళ్ళు తుడుచుకొని అతని చేతికి కొబ్బరినూనె రాసింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆమె అతని చెయ్యి అంతసేపు పట్టుకున్నది లేదు.

ఆ రాత్రంతా ఆలోచిస్తే పరమేష్‌కు ఒక ఉపాయం తట్టింది. మైసయ్య భూమికి పైచివర పెద్ద పెద్ద గుండ్ల దిబ్బ ఒకటుంది. మేకలు కూడా దానికి చుట్టూ తిరిగి పోతాయి. పాయింట్ అక్కడ చూపిస్తే బోరు వేసే రిగ్గు లారీ ఎక్కడం కుదరదు. లారీ ఎక్కకపోతే బోరు లేదు. బోరు లేకపోతే మామ సొమ్ము ఎక్కడికీ పోదు, తన పరువూ పోదు. ఇంత తెలివి తనలో ఉందని అతనికే ఆశ్చర్యం వేసింది.

తోటకు వెళ్ళేసరికి సగం ఊరు అక్కడే ఉంది. ఎల్లయ్య కూడా వచ్చాడు, కట్టె మోసే పని తనదే అన్నట్టు. పరమేష్ ఎడమచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకొని నడవబోతే మైసయ్య మర్యాదగా దాన్ని బయటికి తీసి కట్టె అందించాడు. మొదటి అడుగుకు ఒకటి, రెండో అడుగుకు రెండు. ఆపుదామనుకున్నాడు. కానీ వేళ్ళు అతని మాట వినడం ఎప్పుడో మానేశాయి, ఇప్పుడవి వెంకటేశ్ సార్ మాటే వింటున్నాయి. వెనక నడిచేవాళ్ళు వాటిని చూసి ఊపిరి బిగబట్టారు. అతను చెట్ల మధ్య నుంచి, కాలువ గట్టు దాటి, నేరుగా గుండ్ల దిబ్బ దగ్గరికి పోయి, రెండు పెద్ద గుండ్ల నడుమ నిలబడి చిటికెనవేలు లేపాడు.

మైసయ్య తల పైకెత్తి దిబ్బను చూశాడు. "గాడికి లారీ ఎట్ల ఎక్కుతది?"

"ఎక్కదు మామా. ఇడిసిపెడదాం."

"నీళ్ళు గాడ ఉన్నయంటే ఎక్కక ఏం చేస్తది" అని మైసయ్య కొబ్బరికాయ కొట్టి, పసుపు చల్లి, జేసీబీకి ఫోన్ చేశాడు.

జేసీబీ వచ్చి గుండ్లను పక్కకు దొర్లించి, తోట దిగువ నుంచి దిబ్బ దాకా ఒక బాట వేసింది. ఎప్పటి నుంచో కదలని రాళ్ళు పరమేష్ చిటికెనవేలు మాట విని కదిలాయి. చుట్టుపక్కల ఊళ్ళలో అతని పేరు ఇంకొంచెం పెరిగింది. పని అయిపోయాక జేసీబీ వేరే మండలానికి వెళ్ళిపోయింది.

బోరు వేసే రోజు పరమేష్ సెలవు పెట్టాడు. కాళ్ళు అటు పోనంటున్నాయి, కానీ మామ రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లూ అల్లుడా అనే అన్నాడు. రిగ్గు డ్రైవర్ దామోదర్ తొందరలో ఉన్నాడు. కొత్త బాటను ఒకసారి చూసి పెదవి విరిచి, లారీని ఎక్కించబోయాడు. తోట దిగువ మూలలో, జేసీబీ కొత్తగా పోసిన మట్టిలోకి వెనక చక్రం మెత్తగా దిగింది. దామోదర్ ముందుకు పోనిచ్చాడు, ఇంకొంచెం దిగింది. వెనక్కి పోనిచ్చాడు, ఇరుసు దాకా దిగింది. అతను ఇంజను ఆపి కిందికి దిగి బీడీ ముట్టించాడు.

"ఇగ కదల్దు. జేసీబీ రేపు పొద్దుగాల గని రాదంట. వచ్చి లాగినంక నేను సీద హుజూర్‌నగర్ పోవాలె, ఆడ మాట ఇచ్చిన. ఏసుకుంటే ఈడ్నే ఏసుకోండ్రి, లేకుంటే ఇగ నెల తర్వాతనే."

నెల తర్వాత చెట్లు ఉండవు. మైసయ్య అల్లుడి వైపు చూశాడు. పరమేష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు పడకపోతే తప్పు లారీది.

"నీ ఇష్టం మామా. నేనైతే గాడ చూపెట్టిన. ఈడ ఏస్తే నాకు సంబంధం లేదు" అన్నాడు, అందరికీ వినపడేలా. ఆ తర్వాత మళ్ళీ ఇంకోసారి అన్నాడు.

జాకీలు దించి లారీని సమం చేశారు. రిగ్గు మొదలైంది. తెల్లటి దుమ్ము లేచి బత్తాయి చెట్లన్నిటి మీదా పరచుకుంది. చాలాసేపు దుమ్మే. మైసయ్య గడ్డం మీద, కనుబొమ్మల మీద దుమ్ము పేరుకుంది, అతను తుడుచుకోలేదు. ఆ ముఖం చూస్తూ పరమేష్ తన ఉపాయం గురించి, పరువు గురించి మరిచిపోయి, ఎట్లాగైనా పడితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాడు. దుమ్ము రంగు మారింది. తడి వాసన వచ్చింది. కాసేపటికి బురద, ఆ వెంటనే నీళ్ళు లారీ కన్నా ఎత్తుకు ఎగజిమ్మాయి.

మైసయ్య ఆ బురద నీళ్ళ కిందికి పోయి చేతులు చాపి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడు. స్వరూప ఏడ్చింది. పరమేష్ కళ్ళు కూడా తడయ్యాయి. ఆ ఒక్క నిమిషం ఎవరి లెక్కలో ఎవరి పేరుందో ఎవరికీ పట్టలేదు.

తర్వాత పట్టింది. మైసయ్య ముఖం తుడుచుకొని ముందు నీళ్ళ వైపు చూశాడు, తర్వాత దూరంగా దిబ్బ మీది పసుపు గుర్తు వైపు చూశాడు, ఆ తర్వాత పరమేష్ వైపు చూశాడు. జనం కూడా అదే వరసలో చూశారు. ఈయన చూపించింది అక్కడ. నీళ్ళు పడింది లారీ దిగబడినచోట. అందరికన్నా ముందు ఎల్లయ్య తేరుకున్నాడు. ఇన్నాళ్ళూ పరమేష్ వెంట మోసిన కట్టెను గట్టు మీద పడేసి, దామోదర్ దగ్గరికి నడిచాడు.

"అన్నా, మా తమ్ముని చెల్కల ఒకసారి దిగబడతవా?" అని అడిగాడు.

నిమిషంలో దామోదర్ చుట్టూ గుంపు చేరింది. తను కావాలని దిగబడలేదని అతను మొత్తుకున్నాడు. వచ్చినోడు రాదనే అంటడని ఎవరో సముదాయించారు. పరమేష్ దగ్గర మైసయ్య ఒక్కడే మిగిలాడు.

"అల్లుడా, నీకు నీళ్ళు చూసుడు రాదు" అన్నాడు మైసయ్య నెమ్మదిగా.

"రాదు మామా."

"మరి ఎల్లయ్యకు పడ్డయ్ గదా."

"ఎల్లయ్యకు పడుడు ఎల్లయ్య నసీబు."

"అంటే అది గిటారే."

"గిటారే మామా."

ఎల్లయ్య పడేసిన కట్టెను మైసయ్య చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు మొదటి సంది నిజమే చెప్తున్నవ్. నేను నమ్మలే. తప్పు నాదే. నా కొడుకు పెండ్లి కోసం కట్టె పట్టుకొని గన్ని దినాలు చెల్కలెంబడి తిరిగినవ్, లోకం పిచ్చోడనుకుంటదని గూడ చూడలే. గట్ల ఎవరు చేస్తరు?" కట్టె మీది దుమ్ము తుడిచాడు. "పెండ్లిల డీజే వద్దని చెప్త. పుస్తెకట్టుడు కాంగనే నువ్వు వాయించాలె. నువ్వు వాయించినంకనే బంతి. గప్పటిదాంక ఒక్కడు గూడ ఇస్తారి ముందు కూసోడు."

పరమేష్ నోట వచ్చింది ఒకే మాట. "నాకు పాట రాదు మామా."

మైసయ్య అతని భుజం మీద తడి చెయ్యి వేసి నవ్వాడు. "నర్సింగమ్మ చెప్పింది నాకు, నువ్వు గట్లనే అంటవని."

పెళ్ళి ఇంకో వారం ఉంది. పరమేష్ ఆ సాయంత్రమే నందికొండకు ఫోన్ చేశాడు.

"సార్, ఒక్క పాట చెప్పుండ్రి. చిన్నదైనా సరే."

"వేళ్ళెట్లున్నయ్?"

"మంచిగున్నయ్ సార్."

"చిటికెనవేలు?"

"లేస్తాంది."

"మంచిది. గీ వారం చెడగొట్టకు. ఇంకో నెల గిట్లనే చెయ్యి" అని వెంకటేశ్ సార్ ఫోన్ పెట్టేశాడు.

పెళ్ళినాడు పుస్తెకట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. మైసయ్య మైకు అందుకున్నాడు. ఎడమపక్కన గోపీకృష్ణ నిలబడి ఉంటే, "ఈన మా చిన్నల్లుడు, బ్యాంకుల చేస్తడు" అని ఒక్క ముక్కలో ముగించి, పెద్దల్లుడి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లారగట్ల లేచుడు, చెల్కలో నడుసుడు, ఎండ, వాన, ఎగతాళి, ఏదీ వదల్లేదు. వానలు పడని సంవత్సరం అది, అయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వియ్యాలవారు కుర్చీల్లో ముందుకు జరిగారు. పక్క షామియానా నుంచి మటన్ కూర వాసన ఆగకుండా వస్తోంది. మైసయ్య ఆ దారికి అడ్డంగా ఇద్దరిని నిలబెట్టాడు.

పరమేష్ కుర్చీలో కూర్చొని గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా స్వరూప, కొత్త పట్టుచీరలో, అతన్నే చూస్తోంది. అతని చేతికి తెలిసింది ఒక్కటే, కాబట్టి అదే చేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పైతీగ మీద మొదలుపెట్టి ఒక్కో తీగ దిగుతూ, అడుగు తీగ దాకా వచ్చి, మళ్ళీ ఒక్కో తీగ ఎక్కుతూ పోయాడు. తొందరపడలేదు. ఏ వేలూ గాలిలో ఎగరలేదు. ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక్క తీగ కూడా బుస్సుమనలేదు, ప్రతి స్వరమూ కడిగిన ముత్యంలా పలికింది. చిటికెనవేలు వాలవలసినచోట వాలింది. జనాన్నీ మామనూ మరిచిపోయేంత ఆనందం కలిగింది పరమేష్‌కు. చివరి తీగ మీద చివరి వేలు ఎత్తి, తల వంచి ఆగాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ కదల్లేదు. అందరూ ఎంతో ఓపికగా, ఎంతో గౌరవంగా చూస్తున్నారు. మైసయ్య మైకు దగ్గరికి వంగి, "వేళ్ళు సాపు చేసుకున్నడు" అని జనానికి వివరించాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, కళ్ళలో మెరుపుతో, "ఇగ మొదలువెట్టు" అన్నాడు.

పరమేష్ మొదలుపెట్టాడు, మళ్ళీ ఒకటి నుంచి.